హరిద్వారంలో తొమ్మిదడుగుల మధ్యాహ్నం

హరిద్వారం నుంచి తిరిగొచ్చిన వారంలో, చోడవరం బస్టాండు పక్క టీకొట్టులో నేను చెప్పినవి ఇవి. గంగను ఒడ్డు నుంచి ఒడ్డుకి ఈదాను. దారిలో చిరుతపులి ఎదురైతే గొడుగు తెరిచి తరిమాను. ఒక సాధువు నా ముఖం చూసి, అడక్కుండానే మా తాత పేరు చెప్పాడు.

వెళ్ళనివాళ్ళు చదువుకోడానికి కాగితం మీద పెట్టమన్నారు గనక ముందు వాటిని ఏరి పారేస్తాను. గంగలో మోకాలి లోతు దిగాను, అదీ మెట్లకి కట్టిన గొలుసు పట్టుకుని. చిరుతపులి కుక్క. గొడుగు ఇంటి దగ్గరే మరిచిపోయాను. సాధువు చెప్పింది మా తాత పేరు కాదు, టీ ధర.

మిగిలిందంతా నిజం. ఎక్కడైనా చెయ్యి జారితే అక్కడికక్కడే ఒప్పుకుంటాను.

ముందు నా పాదాల సంగతి

మా ఊరు చోడవరానికి దేవరాపల్లి వైపు, శారద కాలవ మీద ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ నీళ్ళకి వంతులు వేసేది నేనే. పొద్దున్న ఒకరి చెరకుతోటకి, మధ్యాహ్నం నుంచి ఇంకొకరి వరిమడికి. వంతు ఎప్పుడు మారాలో చెప్పడానికి నా దగ్గర గడియారం లేదు, రెండు పాదాలున్నాయి. ఎండలో నిటారుగా నిలబడి, తల నీడ ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకుని, మడమకి వేలు తాకిస్తూ ఆ నీడ పొడుగునా నడవాలి. శీతాకాలంలో పన్నెండడుగులుంటే తొమ్మిది గంటలు. తొమ్మిదడుగులుంటే పది కావస్తోందని లెక్క. ఆరడుగులకి వచ్చిందా, మిట్టమధ్యాహ్నం. పొడుగు మనిషికి పాదమూ పొడుగే కాబట్టి ఎవరు కొలిచినా లెక్క దాదాపు ఒక్కటే. నా మాట మీద ఊళ్ళో ఎవరూ తగాదా పడలేదు.

పడ్డారు. మూడుసార్లు. మా పొలం వంతు రావలసిన రోజున మడమకీ వేలికీ మధ్య రెండు వేళ్ళ సందు వదిలేవాణ్ణి. అడుగులు తగ్గుతాయి, వంతు ముందే వస్తుంది. ఇది మా ఊళ్ళో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ఈ యాత్ర నాకోసం కాదు. మా అక్క నరసమ్మప్ప కోసం. అప్ప నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఇరవై రెండేళ్ళ కిందట మా బావ బెల్లం బండి కట్టుకుని అనకాపల్లి వెళ్ళాడు. బెల్లం అమ్ముడైంది. ఎడ్లు తమంతట తామే ఖాళీ బండి లాక్కుని ఇంటికొచ్చాయి. బావ రాలేదు. సన్యాసుల్లో కలిశాడని కొందరు, పోయాడని కొందరు. ఆనాటి నుంచి ఎవరింట పేరంటమైనా ఒకటే చిక్కు. అప్పకి బొట్టు పెట్టాలా, మానాలా? పెడితే ఒకరు గొణుగుతారు, మానితే ఇంకొకరు. చివరికి ఆ చిక్కు ఎందుకని అప్పని పిలవడమే మానేశారు.

అలాంటి రోజుల్లో కె.కోటపాడు ముసలమ్మ ఒకామె యాత్ర చేసొచ్చి ఒక మాట చెప్పింది. హరిద్వారంలో ఒక అన్నసత్రం దగ్గర మధ్యాహ్నం భోజనాల బంతిలో ఒక ముసలి సాధువుని చూసిందట. కుడి చూపుడువేలు సగమే ఉందట. మా బావ వేలు సగం చెరకు గానుగలో పోయింది.

ఆ మాట విన్న మూడో రోజు అప్ప మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఆయన్ని ఇంటికి తేవక్కర్నేదు తమ్ముడా. ఉన్నాడా, నేడా. ఈ రెండిట్లో ఏదో ఒకటి నా కళ్ళతో సూస్తే సాలు. నా బొట్టు సంగతి తరవాత నాను సూసుకుంటాను."

గడియారానికి పట్టిన జలుబు

చోడవరం నుంచి పదకొండు మందిమి పార్టీగా బయల్దేరాం. పెద్ద దిక్కు రిటైరైన పోస్టుమాస్టారు. ఆయన చేతికి గడియారం ఉండేది. దాన్ని రైల్లో పది నిమిషాలకొకసారి చూసుకునేవారు, ఎవరూ ఎత్తుకుపోలేదని రూఢి చేసుకోవడానికో, నాకు చూపించడానికో.

"ఏవయ్యా సన్యాసినాయుడూ, కాలవ గట్టు మీద చెల్లింది గాని, రైల్లో నీ నీడ ఎక్కడ కొలుస్తావు?"

"బండి ఆగిన సోటల్లా కొలుస్తాను మాస్టారూ. మీ గడియారం ఆగిపోతే మొహమాటపడకండి, నన్నడగండి."

కొలిచాను. విజయవాడ ప్లాట్‌ఫారం మీద ఆయన గడియారానికీ నా పాదాలకీ పావుగంట కూడా తేడా రాలేదు. పెట్టెలో అందరూ నన్ను మెచ్చుకున్నారు. అందరూ అంటే అప్ప, ఇంకొకాయన. నాగపూర్‌లో మాత్రం అరగంట పైగా తేడా వచ్చింది. "సలి దేశం కదా, మీ గడియారానికి జలుబు సేసింది," అన్నాను. పోస్టుమాస్టారు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఆ క్షణాన నాకు బుద్ధి రావలసింది. రాలేదు. కమలాపళ్ళ బేరంలో పడ్డాను. రూపాయికి ఎనిమిది తెచ్చానని పెట్టెలో చెప్పాను. ఆరే ఇచ్చాడు.

ఢిల్లీ స్టేషన్లో టీ మట్టి ముంతలో పోస్తారు. తాగి ముంతని పట్టాల మీదకి విసిరికొడతారు. అప్పకి ప్రాణం ఒప్పలేదు. "కాల్సిన కుండని పారేత్తారేటి, ఈళ్ళకి సేతులెలా వస్తన్నాయి?" అని ఆరు ముంతలు ఏరి, కడిగి, చీర కొంగులో కట్టింది. వాటిలో రెండు ఇప్పటికీ మా ఇంట్లో ఉప్పుకీ పసుపుకీ వాడుతున్నాం.

ఇంకొకటి చూశాను. మన దగ్గర ఏ కాలమైనా మనిషి ఎండని చూస్తే పక్కకి తప్పుకుంటాడు. మంచం నీడ వెంట నడుస్తుంది. అక్కడ డిసెంబరులో మంచం ఎండ వెంట నడుస్తుంది. పొద్దున్న ఈ గోడ పక్క, పదింటికి ఆ అరుగు పక్క. ఆడవాళ్ళు బఠానీలు ఒలవడం, మగవాళ్ళు గడ్డం గీయించుకోవడం, పోలీసు కునుకు తీయడం, అన్నీ వీపు ఎండకి పెట్టే. అంత ఎండలో కూర్చున్నా ఒంటికి పట్టదు. మన పుష్యమాసపు ఎండకి ఉన్న కారం అక్కడి ఎండకి లేదు. పల్చటి మజ్జిగలా ఉంటుంది.

మధ్యాహ్నం రాని రోజు

హరిద్వారంలో మాకున్నది ఒక్క పగలు. ఆ మర్నాడు పొద్దున్నే తిరుగు బండి. పార్టీ అంతా ఆ పగలు రుషికేశ్ చూడ్డానికి బయల్దేరింది. అన్నసత్రంలో బంతి పన్నెండు గంటలకి అని ముందే కనుక్కుని, నేనూ అప్పా ఆగిపోయాం. సాధువులు గంట కొట్టగానే వస్తారు, తిని ఎవరి దారిన వాళ్ళు పోతారు. పోస్టుమాస్టారు వెళుతూ వెళుతూ చేతి గడియారం విప్పబోయారు.

"ఈ ఒక్క రోజుకి ఉంచుకోవయ్యా."

నేను నవ్వాను. నా రెండు పాదాలకేసి చూపించాను. ఆ నవ్వుని తర్వాత చాలాసార్లు వెనక్కి తీసుకోవాలనుకున్నాను.

పొగమంచు విడిచి ఎండ వచ్చాక కొలిచాను. పన్నెండడుగులు.

"తొమ్మిది," అన్నాను.

"ఎల్లిపోదామా?" అంది అప్ప. అప్పటికే చెప్పులు వేసుకుని ఉంది.

"మూడు గంటలు సలిలో నిలబడి ఏటి సేస్తావప్పా? పావుగంట నడక. తిని ఎల్దాం."

వీధి చివర ఒక జిలేబీ కొట్టు. అక్కడ పొద్దున్నే జిలేబీని వేడి పాలలో ముంచుకుని తింటారు. మనం జ్వరం వచ్చినవాడికి రొట్టె పెట్టినట్టు. మొదట నవ్వొస్తుంది, రెండో ముక్కకి నవ్వు పోతుంది. కొట్టువాడికి నా హిందీలో మన బెల్లం గురించి ఉపన్యాసం ఇచ్చాను. నా హిందీ మూడు మాటలు, మిగతాది చేతులు.

మళ్ళీ వీధిలోకి వచ్చి తల వంచుకుని, మడమకి వేలు తాకిస్తూ నడిచాను. ఇది చూసి ఒక పెద్దాయన నా పక్కకొచ్చి తనూ నేలకేసి చూడ్డం మొదలుపెట్టాడు. తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు. నేను డబ్బు పారేసుకున్నాననుకున్నారు. వెతికి వెతికి వాళ్ళే ఒక పది పైసలు తీసి నా చేతిలో పెట్టారు. అది నాది కాదు. పుచ్చుకున్నాను.

తొమ్మిదిన్నర అడుగులు. "ఇంకా తొమ్మిదిన్నర గంటలే అప్పా."

"అంతసేపూ కూకుంటే అరగంటేనేటి అయింది?"

"పరాయి ఊళ్ళో పొద్దు నిదానంగా నడుస్తాది."

ఇంకో గ్లాసు పాలు. ఇంకాస్త బెల్లం ఉపన్యాసం. దూరంగా ఎక్కడో గంట మోగింది. అప్ప లేచి నిలబడింది. "గుడి గంట, కూకో," అన్నాను. వెళ్ళి కొలిచాను. తొమ్మిదడుగులు. పది కావస్తోందన్నమాట. ఆరడుగులకి రావాలంటే ఇంకా రెండు గంటలు.

ఆ తర్వాత కొలిస్తే తొమ్మిదిన్నర.

తప్పు కొలిచానని వెనక్కి వెళ్ళి మళ్ళీ నడిచాను. తొమ్మిదిన్నర. కాసేపాగి కొలిచాను. పది. తగ్గవలసిన నీడ పెరుగుతోంది. నా లెక్క ప్రకారం కాలం పది దాకా వచ్చి, మనసు మార్చుకుని, తిరిగి తొమ్మిదింటికి నడిచి వెళుతోంది. హరిద్వారంలో ఆ రోజు మధ్యాహ్నం కాలేదు.

అప్ప చెయ్యి పట్టుకుని పరిగెత్తాను.

అన్నసత్రం వాకిట్లో ఎంగిలి విస్తళ్ళు ఆవులు తింటున్నాయి. లోపల వంటమనిషి గంగాళం తోముతున్నాడు. అతను ఒకప్పుడు ఖరగ్‌పూర్‌లో మనవాళ్ళ మధ్య వంట చేశాడట. తెలుగు వచ్చు, పట్టాలు తప్పుతూ వస్తుంది.

"వేలు సగం బాబా? ఉన్నాడు. ఈరోజు వచ్చాడు, తిన్నాడు, పోయాడు. రేపు మధ్యాన్నం మళ్ళీ వస్తుంది."

"ఎక్కడుంటాడు?" అంది అప్ప.

"బాబా ఎక్కడుంటాడు? గంగ పొడుగు ఎంత ఉంది, అంతా ఉంటుంది."

నేను అప్ప వైపు చూడకుండా అన్నాను. "ఈయాల తొందరగా పెట్టీసినట్టున్నారు."

"తొందర కాదు," అన్నాడు వంటమనిషి నొచ్చుకుని. "రోజూ పన్నెండే. గంట కొట్టాను కదా, వినలేదా?"

అప్పకి అప్పుడు చెప్పాను. గుడి గంట కాదని, నా పాదాలు తప్పాయని, ఎందుకు తప్పాయో నాకే తెలియదని. అప్ప అరుగు మీద కూర్చుని చెప్పుల దుమ్ము దులుపుకుంది.

"ఇరవై రెండేళ్ళు నాను ఆగేను," అంది. "ఈయాల నువ్వు జిలేబీ కోసం ఆపేవు."

ముప్ఫై ఏళ్ళలో నా కొలత మీద ఎవరూ అంతకన్న పెద్ద తీర్పు చెప్పలేదు.

ఒరిగిన చంద్రుడు

సాయంత్రం గంగ ఒడ్డున మెట్ల మీద కూర్చున్నాం. దొన్నెల్లో దీపాలు వదులుతున్నారు. అందరూ నీళ్ళకేసి చూస్తుంటే అప్ప పడమటికి చూస్తోంది. ఆ రోజు తదియ. సన్నటి చంద్రుడు కొండ మీదుగా కనిపించాడు.

మా చోడవరం వైపు తదియ చంద్రుణ్ణి చూసి బెల్లం ధర చెప్పే పెద్దలున్నారు. ఉత్తరపు కొమ్ము ఎత్తుగా ఉంటే పంటలు పండి ధరలు దిగుతాయి, దక్షిణపు కొమ్ము ఎత్తయితే కరువు. నేనూ చెబుతాను. సగం సార్లు నిజమవుతుంది. మిగతా సగం ఎవరికీ గుర్తుండదు. మా ఊళ్ళో ఆ మాసంలో ఉత్తరపు కొమ్ము కొద్దిగా పైకుంటుంది, అంతే. ఇక్కడ మాత్రం బాగా లేచి ఉంది. ఎవరో గిన్నెని పక్కకి వంచి లోపలున్నది పారబోసినట్టు.

"సెందురుడు కూడా ఈ ఊళ్ళో పక్కకి తిరిగి తొంగున్నాడేటి?" అంది అప్ప.

"ఈ లెక్కన ఇక్కడ బెల్లం ఉత్తినే ఇవ్వాలప్పా."

అప్ప నవ్వలేదు. "నువ్వు రేపు బండెక్కీ. నానుంటాను," అంది.

"భాష రాదు, ఒక్కదానివీ ఎలాగుంటావు?"

"భాష వచ్చి నువ్వేటి సేసేవు?"

ఇద్దరం ఉండిపోవాలని తేలింది. టిక్కెట్లు పోతే పోయాయి. రుషికేశ్ నుంచి వచ్చిన పోస్టుమాస్టారుకి జరిగింది చెప్పాను. ఆయన వెక్కిరిస్తారని సిద్ధపడి ఉన్నాను. ఆయన గడియారం విప్పారు. నేను చెయ్యి చాపాను.

"నీక్కాదు. మీ అప్పగారికి."

అప్పకి గడియారం చూడ్డం రాదు. రెండు ముళ్ళూ ఒకదాని మీద ఒకటి ఎక్కి నిటారుగా నిలబడితే పన్నెండు అని ఆయన మూడుసార్లు చెప్పారు. "ఎలాగమ్మా, గుర్తుంటుందా?" అంటే, "పెళ్ళిపీటల మీద నిలబడ్డట్టు, అంతే కదా బాబూ," అంది.

సాలు

పొద్దున ఎనిమిదికే అన్నసత్రం వాకిట్లో చేరాం. గడియారం అప్ప గుప్పిట్లో ఉంది. నేను గోడ పక్కగా, ఎవరికీ కనబడకుండా, నీడ కొలుచుకుంటూనే ఉన్నాను. రోగం అంత తేలిగ్గా పోదు.

రెండు ముళ్ళూ నిలబడ్డాయి. లోపల గంట మోగింది. నా నీడ తొమ్మిదడుగులు.

సాధువులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి బంతి తీరారు. యాభై మంది ఉంటారు. టీకొట్టులో ఐదొందలన్నాను. వంటమనిషి అప్పని చూసి రొట్టెల బుట్ట ఆమె చేతికిచ్చాడు. వచ్చిన యాత్రికులు వడ్డించడం అక్కడ ఆచారం, పుణ్యమంటారు. అప్ప బుట్ట నడుముకి ఆనించుకుని వరసలో నడిచింది. వాళ్ళ ముఖాలు చూడలేదు. విస్తరి ముందు చాచిన చేతులే చూస్తూ వెళ్ళింది. నేను స్తంభం పక్క నిలబడ్డాను.

రెండో వరసలో నాలుగో మనిషి. అప్ప ఒక రొట్టె వేసింది. రెండోది వేయబోతే ఆ మనిషి తలెత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు. చూపుడువేలు సగమే ఉంది.

"సాలు," అన్నాడు.

ఇరవై రెండేళ్ళు రొట్టె తిన్నా ఆ మాట మాత్రం మా కాలవ గట్టుదే. అప్ప అడ్డం పెట్టిన చేతి మీదే రెండో రొట్టె వేసింది. ఆయన తలెత్తాడు. గడ్డం, జడలు, వాటి వెనక మా బావ.

"సాలని ఇప్పుడనేత్తన్నావు," అంది అప్ప. "ముందర తిను. తిని బైటికి రా. నాకింకా ముప్పై మంది ఉన్నారు."

మిగతా వరసలన్నీ వడ్డించాకే వచ్చింది. బుట్టలోంచి ఒక్క రొట్టె కూడా కింద పడలేదు. స్తంభం పక్క ఏడ్చింది నేను.

మూడు మళ్ళకి ఒక మడి నీరు

బయట అరుగు మీద ముగ్గురం కూర్చున్నాం, ఆ ఊరి వాళ్ళలాగే వీపు ఎండకి పెట్టి. నా అలవాటు కొద్దీ, నా గోడు మొదలుపెట్టాను. నిన్న జరిగింది విని బావ నవ్వాడు. పళ్ళు లేవు గాని నవ్వు అదే.

"నీకొక్క దినమే పోనాది. నాకు మొదటి సీతాకాలం పది దినాలు బువ్వ అందనేదు. ఇంకా పది కానేదు కదా అని గట్టు మీద కూకునేవోణ్ణి. ఈళ్ళు తొందరపడి పెట్టీస్తన్నారని తిట్టుకునేవోణ్ణి."

"నీడ ఎందుకిలాగ సేస్తాది బావా?"

"మనూరు నుంచి ఎంత ఉత్తరానికొచ్చేవు? వచ్చినకొద్దీ సూరీడు దక్షిణానికి దిగిపోతాడు. ఆడు దిగినకొద్దీ నీడ సాగుతాది. మనూళ్ళో ఈ దినాల్లో ఆరడుగులకి మిట్టమధ్యాన్నం, ఇక్కడ తొమ్మిదికి. ఎండాకాలం నువ్వొచ్చి సూడు, అడుగు కూడా ఉండదు. కానీ కాళ్ళ కిందకి పూర్తిగా దూరదు. మనూళ్ళో జ్యేష్ఠంలో నీడ దక్షిణానికి తిరిగిపోద్ది కదా, ఇక్కడ ఎప్పుడూ తిరగదు. ఏడాది పొడుగునా ఉత్తరమే."

"మరి ఎండ ఇంత పల్చగా ఉందేటి?"

బావ మట్టిలో ఆ సగం వేలితో ఒక మడి గీశాడు. దాని పక్కన ఇంకో రెండు.

"నీళ్ళు వంతులేసేవోడివి, నువ్వడగాలా? ఒక మడికి సరిపోయే నీరు మూడు మళ్ళకి పారిస్తే ఏటవుద్ది?"

"పల్చబడిపోద్ది. పైరుకి సాలదు."

"ఎండా అంతే. నెత్తి మీద నుంచి పడితే ఒక్క మడికి. ఏటవాలుగా పడితే అదే ఎండ మూడు మళ్ళకి పరుసుకోవాల. సలికాలమంటే అదే. సూరీడు తగ్గిపోనేదు, వంతు సాగిపోనాది."

ముప్ఫై ఏళ్ళు నీళ్ళు పంచి, పైనున్నవాడూ పంచుతున్నాడని నాకు తట్టలేదు. సిగ్గు కప్పుకోవడానికి చంద్రుడి సంగతి అడిగాను.

"ఆడికి సొంత ఎలుగెక్కడిది? సూరీడు ఏ పక్క నుంచి సూత్తే ఆ పక్క ఎలుగుతాది. కొమ్ములెప్పుడూ సూరీడికి అవతలి పక్కకే తిరిగుంటాయి. ఇక్కడ సూరీడు బాగా పక్కవాటుగా గుంకుతాడు, కొమ్ములు ఇటు వంగుతాయి."

"మరి బెల్లం ధర?"

"ఇరవై రెండేళ్ళ కిందట అనకాపల్లి మార్కెట్లో బేరగాళ్ళు సెప్పేవోళ్ళు. ఇప్పుడెవరు సెప్తన్నారో నాకు తెలీదు."

అంతసేపూ అప్ప మట్టిలోని మూడు మళ్ళనీ చూస్తూ కూర్చుంది. ఎందుకెళ్ళావని అడుగుతుందనుకున్నాను. దారి పొడుగునా నేను ఆ ప్రశ్నకి జవాబులు ఊహించుకుంటూ వచ్చాను. అప్ప అది అడగలేదు.

"ఈయేడు నువ్వున్నావని సూసేను," అంది. "వచ్చేయేడు ఉన్నావో నేవో నాకెలా తెలుస్తాది?"

బావ మట్టిలో గీసిన మడి గట్టుని వేలితో సరిచేశాడు.

"ఏడాదికో కార్డు ముక్క రాయి. ఎక్కువొద్దు."

"మాకు తారీకులుండవు నరసా."

"అడుగులున్నాయి కదా."

బావ తన పాదాలకేసి చూసుకున్నాడు. పగిలి, బూడిద రంగులో ఉన్నాయి.

"నీడ పెరిగి పెరిగి, ఇంక పెరగడం మానీసే దినం ఒకటుంటాది," అన్నాడు. "ఇక్కడ తొమ్మిది, అక్కడ ఆరు. కానీ ఆగే దినం రెండూళ్ళకీ ఒకటే. ఆ దినం రాస్తాను."

"రాకపోతే?"

"రాకపోతే తెలిసిపోద్ది."

"తెలిసిపోద్ది," అంది అప్ప, లేచి చీర దులుపుకుంటూ. గడియారం నా చేతిలో పెట్టింది. వెనక్కి చూడకుండా నడిచింది. నేను చూశాను. బావ ఎండలోనే కూర్చున్నాడు, మట్టిలో గీసిన మళ్ళని చెరపకుండా.

మళ్ళీ చోడవరం

తిరిగొచ్చిన పది రోజులకి మా వీధిలో ఒక పేరంటం జరిగింది. పిలవకపోయినా అప్ప వెళ్ళింది. ముందు వరసలో కూర్చుని ముఖం ముందుకి చాపింది. కుంకుమ భరిణె పట్టుకున్న పిల్ల తడబడింది. ఎవరో వెనక నుంచి ఏదో అన్నారు.

"సూసొచ్చేను," అంది అప్ప. "రెండు రొట్టెలు తిన్నాడు. పెట్టవే గుంటా."

పెట్టింది. ఆ తర్వాత ఎవరింట్లోనూ ఆ చిక్కు రాలేదు.

ఈ రాత ఏడాది ఆలస్యమైంది. కార్డు వస్తుందో రాదో చూశాకే రాయాలనుకున్నాను. మరుసటి ఏడు కార్తీకం దాటింది మొదలు అప్ప రోజూ మధ్యాహ్నం నన్ను వాకిట్లో నిలబెట్టి కొలిపించేది. సందు లేకుండా, మడమకి వేలు తాకించి. పక్కనే వంగి చూసేది. నీడ ఆరడుగులకి చేరింది, ఆగింది. అప్ప ఆ రోజు నుంచి లెక్క మొదలుపెట్టింది.

ఆరు రోజులు. ఎనిమిది. పోస్టు బంట్రోతు సైకిలు వీధి మలుపు తిరిగే వేళకి అప్ప ఏదో పని పెట్టుకుని గుమ్మంలో ఉండేది. తొమ్మిదో రోజు నేను చోడవరం వెళ్ళి ఒక కార్డు కొన్నాను. ఎడమ చేత్తో, వంకర అక్షరాలతో, "తొమ్మిది" అని రాశాను. ఇంకేమీ రాయలేదు. మర్నాడు పోస్టులో వేద్దామని జేబులో పెట్టుకున్నాను.

పదో రోజు అసలు కార్డు వచ్చింది. అందులోనూ అదే ఒక్క మాట. సంతకం లేదు. నేను చదివి వినిపించాను. అప్ప నా చేతిలోంచి లాక్కుని, బస్సెక్కి చోడవరం వెళ్ళి, పోస్టుమాస్టారికి చూపించి, దాని మీద ముద్ర హరిద్వారానిదేనా అని అడిగింది. అవునన్నాక ఇంటికొచ్చింది. నేనెలాంటివాణ్ణో ఆమెకి అరవై ఏళ్ళుగా తెలుసు.

నేను రాసిన కార్డు పారేయలేదు. పంచాంగంలో దాచాను. బావకి డెబ్భై దాటాయి. ఏదో ఒక ఏడు దాని అవసరం పడుతుంది. కానీ దాన్ని ఇక్కడ వేస్తే చోడవరం ముద్ర పడుతుంది కదా. అందుకని మొన్న పోస్టుమాస్టారి ఇంటికెళ్ళి, కాఫీ తాగుతూ, చోడవరం ముద్ర అరిగిపోతే ఎప్పుడైనా హరిద్వారం ముద్రలా కనబడుతుందా అని అడిగాను.

నలభై ఏళ్ళు ఉత్తరాల మీద నిజమైన ముద్రలు వేసిన మనిషి. ఎందుకడుగుతున్నావని ఆయన అడగలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ రోజు రానీవయ్యా," అన్నారు. "నా చూపు కూడా ఈమధ్య అంత బాగుండటం లేదు."